అరుగు మీద ఎగుమతి సరుకు

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లు అరుగుల మీదికి చేరతారు. ఒళ్లో తెల్లదారం ఉండ, చేతిలో కొక్కెం సూది. ఏం పని చేస్తారమ్మా అని అడిగితే, "పనేముందండీ, ఇంట్లోనే ఉంటాం" అంటారు. అంటున్నంతసేపూ సూది ఆగదు.

వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఈ ఊరికి లేసు చూద్దామని వచ్చేవాళ్లను ముందుగా సీతారామపురం లేసు పార్కుకు పంపుతారు. అసలు కార్ఖానా మాత్రం అది కాదు. ఊళ్లలోని వసారాలూ వంటింటి గడపలే కార్ఖానా. అందుకే మేమూ ఓ పెంకుటింటి వసారాలో చాప మీద చతికిలబడ్డాం.

ఇంటావిడ ఎడమచేతి చూపుడువేలికి దారం ఒక చుట్టు చుట్టి, సూదితో అరడజను గొలుసులు లాగి, మొదటి గొలుసుతో కలిపి చిన్న సున్నా చేసింది. ఇక ఆ సున్నా చుట్టూ కాడలు లేపడం మొదలైంది. సూదికి దారం ఒకసారి చుట్టడం, సున్నాలో దూర్చి దారం అందుకోవడం, సూది మీదున్న ఉచ్చుల్ని రెండేసి చొప్పున దాటించడం. ఒక కాడ అయ్యిందంటే మళ్లీ ఇదే. కాగితమ్మీద గీసిన నమూనా ఏదీ లేదు. పక్కన పాత లేసు ముక్క ఒకటి ఉంది, అప్పుడప్పుడూ దాన్ని చూసి లెక్క సరిచూసుకుంటోంది. కాడలు తక్కువైతే పువ్వు గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పోతుంది. చదునుగా పరుచుకుందంటే లెక్క కుదిరినట్టు. చూస్తుండగానే చేతిలో పువ్వు విచ్చింది. మాతో మాట్లాడుతూ, వీధిలో పోతున్న కూరలబండిని ఆపుతూనే అల్లిందది.

అయితే ఈ పువ్వు ఎక్కడికి పోతుందో చాలామంది చూడరు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేసేది ఇంకొకరు. దాన్ని అతుకుపని అంటారు. దారం తెచ్చిచ్చేదీ, అల్లినది పట్టుకెళ్లేదీ ఏజెంటే. చేతిచెమటకు నలుపెక్కిన లేసును ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేశాక గానీ అది ఓడ ఎక్కే సరుకు కాదు.

ఈ విద్యను స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు 1844 ప్రాంతంలో ఇక్కడ నేర్పారని చెబుతారు. అక్కణ్ణించి తల్లి చేతినుంచి కూతురి చేతికి అందుతూ 1899 కరువునూ, 1929 ఆర్థికమాంద్యాన్నీ దాటుకొచ్చింది. గడప దాటకూడదన్న కట్టుబాటున్న కాపు కుటుంబాల్లో ఇది బాగా పాతుకుంది. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు, పరువుకు లోటు లేదు. కొనేవాడికి కావలసిందీ సరిగ్గా అదే.

ఈ కిటుకును బయటపెట్టింది మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. 1982లో వచ్చిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పుస్తకంలో ఆమె చూపించిందేమిటంటే, ఇంటిచాకిరీ మీద అదనంగా రోజుకు 6 నుంచి 8 గంటలు అల్లేవాళ్లను కూడా వ్యాపారులు గృహిణులుగానే లెక్కగట్టారు. తీరిక వేళల్లో చేసేదానికి అంతకన్నా ఏమిస్తామన్నది వాళ్ల వాదన. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీలకు వచ్చే కూలి, నీడపట్టున కూర్చుని అల్లే ఈ 'పరువైన' ఇల్లాళ్లకు వచ్చేది కాదు! "పనేముందండీ" అన్న మాట ఎవరికి లాభమో ఇక్కడే తెలుస్తుంది.

తెలుగునాట మిగతాచోట్ల ఇళ్లలో లేసు జ్ఞాపకం వేరు. పెళ్లీడు పిల్ల దిండుగలీబులకు అల్లిన అంచు, రేడియో మీద పరిచిన గుడ్డ, గాలికి లేవకుండా చుట్టూ పూసలు గుచ్చిన మంచినీళ్ల కూజా మూత, చంటిపిల్లాడి టోపీ. అవి డబ్బుకోసం అల్లినవి కావు. అందుకే ఆ తీపిలో నరసాపురాన్ని కలిపేసి చూడ్డం మనకు తేలిక. ఇక్కడి అల్లికలో ఎక్కువభాగం మాత్రం ఇంగ్లండుకూ, అమెరికాకూ, ఫ్రాన్సుకూ పోయింది.

మిషన్ లేసు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆ బేరమూ సన్నగిల్లింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెట్టి అమ్ముకునే హక్కు అది. అల్లినామెకు ముట్టే కూలిని మాత్రం అది నిర్ణయించదు.

ఇన్ని అల్లే ఇంట్లో లేసు ఒక్కటీ కనబడదేమని అడిగాం. ఇంటావిడ బీరువాలోంచి రెండు గలీబులు తీసి చూపించింది, కూతురికోసం దాచినవట. మరి టీవీ మీదికో అన్నాం. గోడకు వేలాడుతున్న పల్చటి టీవీని చూపించి, "దానిమీద గుడ్డెక్కడ నిలుస్తుందండీ?" అని ఫక్కుమంది.