కొడైకెనాలులో సూర్యుణ్ణి చూచి వచ్చాము

గడచిన వేసవి సెలవులలో మేము కుటుంబ సమేతంగా కొడైకెనాలు వెళ్ళివచ్చాము. మదురై నుండి బస్సులో వత్తలగుండు దాటగానే కొండదారి మొదలవుతుంది. అక్కడి చెరువును గురించీ, పడవలను గురించీ మన పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. చాలామంది చూడకుండానే తిరిగివచ్చే ఒక చోటును గురించి మాత్రమే నాలుగు మాటలు వ్రాస్తున్నాము. అది అక్కడి సూర్య వేధశాల.

అక్కడికి వెళ్ళాలని మాకు మొదట తలపు లేదు. మా అమ్మాయి పదవ తరగతి పరీక్షలు వ్రాసింది. పదకొండులో ఫస్ట్ గ్రూపా, బయాలజీయా, కామర్సా అని ఇంట్లో నెల రోజులుగా ఒకటే చర్చ. "సైన్సు ఒకటే అయితే ఇన్ని శాఖలెందుకు నాన్నా?" అని అది అడిగితే, మెట్రిక్యులేషనుతో ఆగిపోయిన మాకు జవాబు తోచలేదు. అక్కడ ఎవరైనా చెబుతారేమోనని ఒక ఉదయం బయలుదేరాము.

వేధశాల సముద్రమట్టానికి 2,343 మీటర్ల ఎత్తున, కొండ నెత్తిన ఉన్నది. చిన్న ప్రదర్శనశాలలో, అద్దాల ద్వారా లోపలికి తెచ్చిన సూర్యబింబం తెల్లని తెరమీద పళ్ళెమంత కనబడింది. దానిమీద మిరియపు గింజల్లా రెండు నల్లని మచ్చలు. ప్రక్కన సూర్యకాంతిని ఎరుపు మొదలు ఊదా వరకు విడదీసిన పట్టీ, దానికి అడ్డంగా సన్నని నల్లగీతలు. ఒక్కొక్క మూలకానికి దాని గీతలు దానికే ఉంటాయట. వేలిముద్ర చూచి మనిషిని గుర్తించినట్లు, ఆ గీతలనుబట్టి సూర్యునిలో ఏమున్నదో చెప్పగలరు.

ఈ వేధశాల పుట్టుకకు ఒక ముఖ్య కారణం కరువు. 1876-78 నాటి ధాత కరువును గురించి మన ముసలివాళ్ళు కథలుగా చెప్పేవారు. యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. సూర్యుని మచ్చలు సుమారు పదకొండేళ్ళకొకసారి పెరిగి తగ్గుతాయి. వానలు కూడ వాటి ననుసరించే వస్తాయేమో, ముందుగా తెలిస్తే ప్రజలను కాపాడవచ్చునేమో అని ఆనాటి వారి ఊహ. 1895లో ఇక్కడ శంకుస్థాపన జరిగింది. 1899లో పని మొదలైంది. మబ్బులేని ప్రతిదినమూ సూర్యుని ఫోటోలు తీసి దాచడం వీరి ఆచారం. నూరేళ్ళకు పైబడిన ఆ బొమ్మలను ఇప్పుడు కంప్యూటరులోకి కూడ ఎక్కించారు.

ఆ ఊహ ఏమయిందని అడిగాము. అది అనుకున్నట్లు ఫలించలేదట! వాతావరణ శాఖకు పెద్దగా ఉండిన గిల్బర్ట్ వాకర్ ఏళ్ళ తరబడి లెక్కలు కట్టించి, మచ్చలను చూచి మన వానలను చెప్పడం కుదరదని తేల్చాడు. కాని ఆ లెక్కలలోనే, దూరాన పసిఫిక్ సముద్రం మీది గాలి ఒత్తిడికీ మన వానలకూ సంబంధం ఉన్నదని బయటపడింది. నేటికీ వర్షసూచన చెప్పేవారికి అది పనికివస్తున్నది. యంత్రాలు లేని ఆ రోజులలో ఆ కూడికలు, తీసివేతలు చేసినవారు మన దేశపు గుమాస్తాలే. ఈ మాట విని మాకు కొంచెం గర్వం కలిగింది. ఆ గర్వం ఎక్కువసేపు నిలువలేదు.

తరువాత విన్నది జాన్ ఎవర్షెడ్ కథ. సూర్యుని మచ్చలలో అయస్కాంత శక్తి ఉన్నదని 1908లో అమెరికాలో హేల్ కనిపెట్టాడు. మచ్చ అంటే వాయువుల సుడిగుండమని అప్పటి ఊహ. మనవైపు వచ్చే రైలు కూత సన్నగా, దూరంగా పోయే రైలు కూత బొంగురుగా వినబడుతుంది గదా. అలాగే కదిలే వాయువు తాలూకు గీత కూడ ప్రక్కకు జరుగుతుంది. 1909 జనవరిలో ఎవర్షెడ్ ఇక్కడ ఆ గీతలను పరీక్షించాడు. గీతలు జరిగాయి. కాని సుడికి జరగవలసిన తీరున కాదు. వాయువు మచ్చ నడుమ నుండి అంచులకు నలువైపులా ప్రవహిస్తున్నట్లు జరిగాయి. ఒక మచ్చతో సరిపెట్టుకోక అతడు అనేక మచ్చలను చూచాడు. బింబం నడుమనున్న మచ్చలో ఈ జరుగుబాటు కనబడదు, అంచుకు దగ్గరగా ఉన్నదానిలో కనబడుతుంది. ప్రవాహం అడ్డంగా ఉంటే అలాగే ఉండాలి. చూచినదే వ్రాశాడు. నేటికీ దానిని ఎవర్షెడ్ ఫలితమనే అంటారు.

బయటకు వచ్చి యూకలిప్టస్ చెట్టు క్రింద కూర్చున్నాము. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మరి నువ్వు నన్ను పది అని వ్రాయమన్నావు గదా నాన్నా?" అన్నది.

మాకు వెంటనే జ్ఞాపకం వచ్చింది. బడిలో భూతద్దం నాభి దూరం కొలిచే ప్రయోగంలో దానికి 11.2 సెంటీమీటర్లు వచ్చింది. తక్కిన పిల్లలంతా 10 అని వ్రాశారు. ఇంటికి వచ్చి అడిగితే, "పది అని కుదిర్చి వ్రాసెయ్యి, మార్కులు పోతాయి" అన్నాము. ఇరవయ్యేళ్ళుగా ఆఫీసులో పద్దులు కుదిర్చే చేతికి అదేమీ తప్పుగా తోచలేదు. ఎవర్షెడ్ కూడ సుడి అని కుదిర్చి వ్రాసివుంటే? మేము జవాబు చెప్పలేకపోయాము. మా ఇంటావిడ పులిహోర పొట్లం విప్పి మమ్మల్ని ఆదుకున్నది.

అమ్మాయి మొదటి ప్రశ్నకు కూడ జవాబు అక్కడే దొరికింది. గీతలను చదవడం భౌతికశాస్త్రం, అవి ఏ మూలకానివో చెప్పడం రసాయనం, లెక్క కట్టడం గణితం, వానల సంగతి వాతావరణ శాస్త్రం. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ గ్రహణాన్ని చూడడానికి మన గుంటూరుకు జాన్సెన్, మచిలీపట్నానికి పోగ్సన్ వచ్చారు. ఆ గ్రహణంలో కనబడిన ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాలేదు. దానికి హీలియం అని పేరు పెట్టారు. అదే మూలకాన్ని 1895లో రాంసే భూమిమీది ఖనిజంలో పట్టుకున్నాడు. ఖగోళంలో మొదలైనది రసాయనంలో తేలింది. శాఖలు పని పంచుకోవడానికే. ఊహించడం, పరీక్షించడం, చూచినది చూచినట్లు వ్రాయడం, ఊహ తప్పితే ఒప్పుకోవడం, ఇవి అన్నిటికీ ఒకటే.

ఇంకొక మాట. 1937 నుండి 1946 వరకు ఈ వేధశాలకు డైరెక్టరుగా ఉన్న ఎ. ఎల్. నారాయణ్ మన తెలుగువారే. అసలు పేరు అప్పాద్వేదుల లక్ష్మీనారాయణ.

ఇంటికి వచ్చిన మరునాడు అమ్మాయి ఒక భూతద్దం కొనిపించుకుని, మేడమీద ఎదురు కొబ్బరిచెట్టు బొమ్మను గోడమీద పడేటట్లు పట్టుకున్నది. స్కేలు పట్టుకున్నది మేము. మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వచ్చాయి. మూడూ అలాగే వ్రాసుకున్నది. మేము ఏమీ చెప్పలేదు.

మన పిల్లలతో కొడైకెనాలు వెళ్ళే పెద్దలు పడవ షికారు నుండి ఒక పూట మిగిల్చి, సందర్శకులను ఏ వేళ రానిస్తారో ముందుగా విచారించుకుని, ఆ కొండ ఎక్కవలెనని మా మనవి.