మాస్కు తీయకుండా పాలమూరు దాకా

ముందుగా ఒక మాట. ఈ వ్యాసం కింద నా పేరు ఉండదు. మన ఎడిటర్‌కి తెలుసు, ఒప్పుకుంది. ఎందుకు వద్దన్నానో చదివాక మీకే అర్థమవుతుంది.

కారణం ఒక్క వాక్యంలో చెప్తాను. ఒకరితో పరిచయమైంది, ఇద్దరం ఇష్టపడే ఒకసారి దగ్గరయ్యాం, ఆ ఒక్కసారి జాగ్రత్త తీసుకోలేదు. అంతకంటే ఎక్కువ చెప్తే అది నా ఒక్కడి కథ కాదు.

తర్వాత నెల రోజులు రాత్రిళ్లు హాస్టల్ మంచం మీద దుప్పటి కప్పుకుని ఇన్‌కాగ్నిటోలో వెతకడమే పని. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. లక్షణాలు, పరీక్షల పేర్లు, విండో పీరియడ్ అన్నీ ఇంగ్లిష్‌లో బట్టీ వచ్చేశాయి. కానీ నల్గొండలో ఏ తలుపు తట్టాలో, తట్టి ఏ మాట అనాలో తెలియలేదు. తెలుగులో నాకు తెలిసిన మాటలు రెండే. ఒకటి బస్టాండ్ గోడల మీద, మూత్రశాలల్లో అంటించే పోస్టర్లలో ఉండే 'గుప్త రోగాలు'. రెండోది 'సుఖవ్యాధులు'. ఆ మాటలోనే తీర్పు ఉంది చూడండి. సుఖపడ్డావు కదా, అనుభవించు అన్నట్టు.

ఒకరోజు ధైర్యం చేసి ఒక ప్రైవేటు ల్యాబ్‌కి పోయాను. కౌంటర్ దగ్గర పది మంది. "ఏం టెస్ట్?" అని అరిచినట్టే అడిగాడు. పేరు, ఫోన్ నంబరు, ఎవరు పంపిన్రు అన్నీ అందరి ముందే. నా నోట్లోంచి వచ్చిన మాట, "షుగర్." రక్తం ఇచ్చి, డబ్బులు కట్టి వచ్చాను. షుగర్ నార్మల్. ఆ రిపోర్టు ఇప్పటికీ దాచుకున్నాను, నా పిరికితనానికి రసీదు లాగా.

ఆ రాత్రే 1097కి ఫోన్ చేశాను. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్ల ఉచిత హెల్ప్‌లైన్ అది. అవతలి గొంతు తెలుగులోనే మాట్లాడింది. నేను ఇంగ్లిష్ పదాలు వెతుక్కుంటుంటే, "మామూలుగా చెప్పండి, పర్లేదు" అంది. పెద్ద సర్కారు దవాఖానల్లో ఐసీటీసీ అనే గది ఉంటుందని, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితమని, సొంత జిల్లాలోనే చేయించుకోవాలని ఏమీ లేదని చెప్పింది.

ఆ చివరి మాట పట్టుకున్నాను. నల్గొండలో అయితే మా కాలేజీ వాళ్లు, చుట్టాలు ఎవరో ఒకరు కనిపిస్తారు. మహబూబ్‌నగర్‌లో నన్నెవరూ ఎరగరు. శనివారం పొద్దున బస్సెక్కాను. తమాషా ఏంటంటే ఆ దారి మా దేవరకొండ వైపు నుంచే. కొండమల్లేపల్లి రాకముందే మాస్కు పెట్టుకుని, తల కిటికీకి ఆనించి నిద్ర నటించాను.

కళ్లు మూసుకుంటే మా వీధి హోటల్ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు బొంబాయికి కూలికి పోయి చిక్కి శల్యమై తిరిగొచ్చిన ఒకాయన రోజూ అక్కడికి చాయ్‌కి వచ్చేవాడు. ఆయన గ్లాసు వేరు. కిటికీలో బోర్లించి ఉండేది, ఎవరూ ముట్టేవాళ్లు కాదు. ఆయనకి ఏం జబ్బో ఏ డాక్టరూ మాకు చెప్పలేదు, ఊరే తేల్చేసింది. పాలమూరు, దేవరకొండ వైపు వలసపోయిన ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇలాంటి గ్లాసు ఒకటి గుర్తుండే ఉంటుంది. గ్లాసు వల్ల, పక్కన కూర్చోవడం వల్ల హెచ్‌ఐవీ రాదని మా బయాలజీ పుస్తకంలోనే ఉంది. పరీక్షలో రాశాను, మార్కులు పడ్డాయి. ఆ గ్లాసు మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

కల్వకుర్తి, జడ్చర్ల దాటి మహబూబ్‌నగర్‌లో దిగేసరికి చేతులు చల్లబడ్డాయి. దవాఖానలో గది వెతుక్కుని లోపలికి పోతే ఒక అక్క కూర్చుని ఉంది, కౌన్సెలర్. తలుపు దగ్గరికి వేసి, "కూసో తమ్ముడూ. పేరు?" అంది.

నేను నా రూమ్మేట్ పేరు చెప్పాను!

ఆమె పెన్ను ఆపి నా మొహం చూసింది. "అసలు పేరే చెప్పు. అది ఈ గది దాటదు. రేపు మందులు అవసరం పడితే దొంగ పేరు మీద ఎట్ల తీస్కుంటవ్?"

సీఎస్ వాడిని కాబట్టి అప్పుడు వెలిగింది. నేను కోరుకున్నది అజ్ఞాతం, అంటే నేనెవరో ఎవరికీ తెలియకపోవడం. ఆమె ఇస్తానంటున్నది గోప్యత. పేరు ఉంటుంది, కానీ దాన్ని ఎవరు చూడాలో హద్దు ఉంటుంది. మన డేటాబేస్ ల్యాబ్‌లో చేసినట్టే, ఆ తర్వాత కాగితాల మీద నడిచింది పేరు కాదు, ఒక నంబరు. రక్తం సీసా మీదా అదే. నా ఆధార్ అడగలేదు.

ఆమె ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. ఎన్ని రోజులైంది, కండోమ్ వాడారా, పుండ్లు గానీ మంట గానీ ఉన్నాయా. ఎందుకు చేశావని మాత్రం అడగలేదు. 72 గంటల లోపు వచ్చి ఉంటే హెచ్‌ఐవీ రాకుండా ఆపే మందులు మొదలుపెట్టేవాళ్లమని చెప్పింది. నేను వెళ్లింది 45వ రోజు. ఆ 72 గంటల్లో నేను చేసింది గూగుల్. ఇది మీకు చెప్పడానికే సగం ఈ వ్యాసం రాస్తున్నాను.

తర్వాత సమ్మతి కాగితం చదివి వినిపించింది, సంతకం పెట్టాను. ఒక్క పరీక్షతో ఎవరికీ పాజిటివ్ అని చెప్పరట. మొదటిదాంట్లో తేడా వస్తే వేరే కిట్లతో మళ్లీ చూసి, మూడూ ఒకటే చెప్తేనే ఖాయం చేస్తారు. పాజిటివ్ వచ్చినా మందులు ఉచితం, రోజూ వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు. సిఫిలిస్‌కి కూడా రక్తం తీసుకున్నారు. పక్కనే సురక్ష క్లినిక్ ఉందని, మిగతా లైంగిక వ్యాధులకి అక్కడ చూసి మందులిస్తారని చెప్పింది. ఒక మాట మాత్రం గట్టిగా అంది: "నొప్పి లేని పుండు లేచి, దానంతట అదే మానితే తగ్గిందనుకోకు. సిఫిలిస్ అట్లనే మోసం చేస్తది. పైకి మానుతది, లోపల ఉంటది. మొదట్లనే వస్తే పెన్సిలిన్ సూదితోని పోతది."

మధ్యాహ్నానికి పిలిచింది. రెండూ నెగెటివ్. నేను లేవబోతుంటే, "ఆగు, మూడు నెలలు నిండినంక ఇంకోసారి చేయించుకోవాలె" అంది. శరీరంలో యాంటీబాడీలు పరీక్షకి దొరికేంతగా తయారవ్వడానికి టైమ్ పడుతుంది కదా. విండో పీరియడ్ నాకు బట్టీ వచ్చు. కానీ ఇంకో నెలన్నర మోయాలని అప్పుడే అర్థమైంది.

తిరుగు బస్సులో చట్టం గురించి చదివాను. 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మన సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, దాన్ని చూపి కాలేజీలోంచో ఉద్యోగంలోంచో తీసేయకూడదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేస్తే, ఆ రక్తంలో హెచ్‌ఐవీ ఉందని పోలీసులు పట్టుకుపోయి 64 రోజులు ఒంటరిగా బంధించారు. పేరు బయటపడితే ఏమవుతుందో ఆ కథ చదివాక తెలిసింది. మా వీధి హోటల్లో జరిగింది కూడా చిన్న సైజులో అదే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ నెల తర్వాత రూమ్మేట్, నేను దొంగిలించిన పేరు గలవాడే, ఒక రాత్రి మాటల్లో అన్నాడు. "కింద ఒక పుండు లేచిందిరా. నొప్పి లేదు. మెడికల్ షాపులో ట్యూబ్ తెచ్చి రాసిన, పోయింది."

నాకు అక్క మాట గుర్తొచ్చింది. చెప్పాలంటే నాకెలా తెలుసో కూడా చెప్పాలి. "ఏదో చదివిన" అని తప్పించుకోవచ్చు. కానీ నా మొహంలో మొహం పెట్టి చూస్తున్నాడు. వీడు ఒక్కడే పోడని కూడా నాకు తెలుసు, నేనే షుగర్ టెస్ట్ చేయించుకుని వచ్చినవాణ్ని. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి, "నేను పోయొచ్చినరా" అన్నాను. అంతా చెప్పాను, వాడి పేరు చెప్పిన సంగతితో సహా. తిట్టాడు. తర్వాత చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత ఏడ్చాడు.

మూడు నెలలు నిండాక ఇద్దరం కలిసి పోయాం. ఈసారి పాలమూరు కాదు, నల్గొండ దవాఖానకే. బయట బెంచీ మీద కూర్చుంటే, పక్కన ఉన్న ఒక పెద్దమ్మ అడిగింది, "ఏమైంది బిడ్డా, జ్వరమా?"

"లేదు పెద్దమ్మా, రక్తపరీక్ష."

"చేయించుకోవాలె, మంచిదే" అని తన మందుల కవర్ సర్దుకుంది. అంతే. మూడు నెలలు నేను భయపడ్డ ఊరు ఆ బెంచీ మీద ఆమె రూపంలో కూర్చుని, రెండో ప్రశ్న కూడా అడగలేదు.

నాది మళ్లీ నెగెటివ్. వాడి ఫలితం నేను రాయను. పుండు గురించి రాయొచ్చన్నాడు, ఫలితం వద్దన్నాడు. అది వాడి నంబరు.

మీలో ఎవరైనా దుప్పటి కింద ఇది చదువుతుంటే, 1097. తెలుగులోనే మాట్లాడండి. తోడు కావాలంటే ఎడిటర్‌కి ఒక మెయిల్ పెట్టండి, నాకు చేరుతుంది. మీ పేరు రాయాల్సిన పని లేదు.