ఎడిన్‌బరాలో ఫ్రెడ్డీని చూశా
ఏఐలో మాస్టర్స్ చేద్దామని ఐదేళ్ల ఉద్యోగం వదిలేసి ఎడిన్‌బరా వచ్చా. కోర్సు ఒక్క ఏడాదే. 180 క్రెడిట్లు, అందులో 60 వేసవిలో చేసే థీసిస్‌కే. అప్పు మాత్రం పదేళ్లది. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి.

ఆఫీసులో రెడీమేడ్ మోడల్ వాడటం వేరు, అదెందుకు పనిచేస్తుందో కాగితం మీద తేల్చడం వేరు. బీటెక్‌లో పరీక్ష ముందురోజు బట్టీ పట్టిన లీనియర్ ఆల్జీబ్రా ఇక్కడ వడ్డీతో సహా వసూలు చేసింది.

డిసెంబర్‌లో పరీక్షలయ్యాక ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకి వెళ్లా. టికెట్ లేదు, లోపల వెచ్చగా ఉంటుంది. నిజం చెప్పాలంటే అందుకే వెళ్లా! అక్కడ కనిపించింది ఫ్రెడ్డీ. 1970ల్లో మా యూనివర్సిటీలోనే తయారైన రోబో. కుప్పగా పోసిన చెక్క ముక్కల్ని కెమెరాతో చూసి, ఒక్కోటీ ఏరి, బొమ్మ కారు బిగించేది. అంత చేసినా 1973లో లైట్‌హిల్ రిపోర్టు ఏఐని ఏకిపారేసింది. బ్రిటన్‌లో ఈ పరిశోధనలకు డబ్బులు చాలావరకు ఆగిపోయాయి.

అంతకు ముందు ఏడాదే ఇక్కడ పీహెచ్‌డీలో చేరిన జెఫ్రీ హింటన్ న్యూరల్ నెట్‌వర్క్‌లను వదల్లేదు. నోబెల్ వచ్చింది 2024లో. యాభై ఏళ్ల పైమాటే. నా ఈఎంఐకి అంత ఓపిక లేదు.

బయటికొచ్చేసరికి నాలుగున్నర, ఫుల్ చీకటి. మనకి రాత్రి పది. నాన్న ఫోన్.

"ఏరా, అక్కడ ఉద్యోగాలు ఎలా ఉన్నాయి?"

ఏం చెప్పాలో తెలీక ఫ్రెడ్డీ గురించి చెప్పా. మొత్తం విన్నాడు.

"బొమ్మ కారు సరే గానీ, తిన్నావా?"