ఆరు సంఖ్యలతో మొదలయ్యే యూనిక్స్

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్నాయి. వాటిలో చాలా ఇళ్లు కంప్యూటర్ ఉద్యోగాల మీదే నడుస్తున్నాయి. పొద్దున్నే లినక్స్ సర్వర్లలోకి లాగిన్ అయ్యే మనవాళ్లలో చాలామందికి, ఆ లినక్స్‌కు దారి వేసిన యూనిక్స్ ఇక్కడికి దగ్గర్లోనే పుట్టిందని తెలియదు. మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన పని అది. ఆ తొలినాటి యూనిక్స్‌ను అప్పటి యంత్రం మీద, అప్పటి పద్ధతిలోనే ఎక్కించబోతున్నారని తెలిసి, ఒక శనివారం ఆ వర్క్‌షాప్‌కు వెళ్లాను.

పాత గోదాము వెనక గదిలో ఉందది. నడిపేది ఒకప్పుడు ఈ యంత్రాలనే రిపేరు చేసి రిటైరైన అమెరికన్ ఇంజినీరు. వారాంతాల్లో ఆయనకు సాయంగా వచ్చే అమ్మాయిది గుంటూరు. వారమంతా క్లౌడ్ సర్వర్ల పని, శనివారం ఇక్కడ. "మా పెదనాన్న ఈసీఐఎల్‌లో టీడీసీ-316 మీద పనిచేశారండీ. ఆయన చెప్పినవన్నీ ఇక్కడికొచ్చాక అర్థమయ్యాయి" అంది. హైదరాబాద్‌లో 1970లలో తయారైన ఆ కంప్యూటర్ కూడా ఇక్కడి యంత్రంలాగే 16 బిట్లదే.

మా ముందున్నది పీడీపీ-11/40. మసాచుసెట్స్‌లోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1970ల తొలి ఏళ్లలో తెచ్చిన మినీ కంప్యూటర్. పేరుకు మినీయే గానీ, టేపు డ్రైవు, డిస్కు డ్రైవు కలుపుకొని గోడ పొడవునా ఉంది. ఎక్కించబోయేది 1975లో విడుదలైన యూనిక్స్ ఆరో ఎడిషన్. బెల్ ల్యాబ్స్ బయట, విశ్వవిద్యాలయాల్లో బాగా వ్యాపించిన తొలి యూనిక్స్ ఇదే.

కరెంటు ఇచ్చేముందు పెద్దాయన పవర్ సప్లై వోల్టేజీలన్నీ మీటరుతో చూసుకున్నారు. ఈలోగా ఆ అమ్మాయి ఆర్‌కే05 డిస్కు డ్రైవు తెరిచింది. ఇందులో పెట్టే డిస్కు 14 అంగుళాల వెడల్పు. తిరిగేటప్పుడు హెడ్ దాన్ని తాకదు. గాలి పొర మీద, కంటికి ఆనని ఎత్తులో తేలుతుంది. మధ్యలోకి ధూళి కణం వస్తే హెడ్, డిస్కు రెండూ గీసుకుపోతాయి. ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో ఆమె హెడ్ తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ తుడిచింది. పుల్ల కొనకు మరక అంటనిదాకా వదల్లేదు.

ఇక అసలు పని. ఈ యంత్రానికి కరెంటు ఇచ్చినంత మాత్రాన ఏమీ రాదు. టేపులో యూనిక్స్ ఉంది. టేపును చదవాలన్న సంగతే కంప్యూటర్‌కు తెలియదు. అది చెప్పాల్సింది మనిషి, ముందు ప్యానెల్ మీది స్విచ్‌లతో. బెల్ ల్యాబ్స్ సూచనల పత్రంలో అందుకు ఆరు సంఖ్యలున్నాయి. అన్నీ ఆక్టల్‌లో, అంటే 0 నుంచి 7 దాకా అంకెలతోనే. మొదటిది 012700. ముందున్న అంకెకు ఒక స్విచ్, తర్వాతి ప్రతి అంకెకూ మూడేసి. 2 అంటే మూడింట్లో నడిమిది పైకి, 7 అంటే మూడూ పైకి. స్విచ్‌లు అమర్చి, డిపాజిట్ మీటను పైకెత్తితే ఆ సంఖ్య మెమరీలోకి వెళ్తుంది.

"రెండోది 172526. మొదటి రెండూ కలిపి ఒక్క ఆదేశమండీ. టేపు కంట్రోలర్ చిరునామాను రిజిస్టర్‌లో పెట్టమని" అని చెబుతూ ఆమె స్విచ్‌లు వేస్తోంది. 010040. 012740. 060003, అంటే టేపు చదవమన్న ఆజ్ఞ. చివరిది 000777. దాని అర్థం అడిగాను. ఉన్నచోటికే మళ్లీ దూకమనడం. టేపు చదవడం పూర్తయిందో లేదో ఈ బుల్లి ప్రోగ్రాం చూసుకోదు. ప్రాసెసర్ అక్కడే తిరుగుతూ ఉంటుంది. టేపు కదిలి ఆగడం కళ్లారా చూసి, యంత్రాన్ని ఆపి, సున్నా చిరునామా నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సింది మనిషే. ప్రోగ్రాంలో ఆ పరీక్ష రాయకుండా మిగిల్చిన చోటును ఆపరేటర్ కన్ను నింపుతుంది.

ఆమె స్టార్ట్ నొక్కింది. టేపు ఒక్కసారి ముందుకు జరిగి ఆగింది. హాల్ట్. చిరునామా సున్నా. మళ్లీ స్టార్ట్. టేపు వెనక్కి చుట్టుకుంది, టెర్మినల్ కాగితం మీద "=" గుర్తు పడింది. పెద్దాయన చప్పట్లు కొట్టారు.

అక్కడ టీఎంఆర్‌కే అని కొట్టారు. టేపు నుంచి ఆర్‌కే డిస్కుకు కాపీ చేసే ప్రోగ్రాం అది. మూడే ప్రశ్నలు: డిస్కులో ఎక్కడ నుంచి, టేపులో ఎక్కడ నుంచి, ఎన్ని బ్లాకులు. ముందు 0, 100, 1. అది బూట్ బ్లాకు. తర్వాత 1, 101, 3999. టేపు ఆగుతూ కదులుతూ, డిస్కు హెడ్ టకటకమంటూ చాలాసేపు నడిచింది. ఆ డిస్కులో 512 బైట్ల బ్లాకులు మొత్తం 4872. అందులో 4000 ఫైళ్లకు, మిగిలిన 872 స్వాప్‌కు. అంతా కలిపినా రెండున్నర మెగాబైట్లే.

ఈసారి డిస్కు నుంచి బూట్ చేయడానికి ఇంకో చిన్న వరుస స్విచ్‌లతో వేశారు. "@" వచ్చింది. దాని పక్కన ఆర్‌కేయూనిక్స్ అని కొట్టి, స్విచ్‌లను 173030 మీద పెట్టారు. ఇనిట్ ప్రోగ్రాం ఆ స్విచ్‌లను చదివి, ఈ సంఖ్య కనబడితే సింగిల్ యూజర్‌గా నడుపుతుంది. మెమరీ ఎంతుందో, ఆ తర్వాత బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీ అండ్ టీకి చెందిన వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి హక్కుల హెచ్చరిక అచ్చయ్యాయి. దాని కింద "#". యూనిక్స్ నడుస్తోంది.

అక్షరాలన్నీ పెద్దబడివే పడుతున్నాయి. ఆనాటి టెలిటైపుల్లో చాలావాటికి చిన్నబడి లేదు కాబట్టి మొదట అలాగే నడుస్తుంది. ఎస్‌టీటీవై ఆదేశంతో దాన్ని సరిచేశారు. నన్ను కూర్చోమన్నారు. ఎల్‌ఎస్ కొట్టాను, ఫైళ్ల పేర్లు వరసగా అచ్చయ్యాయి. డైరెక్టరీ మారడానికి సీడీ కుదరదు, సీహెచ్‌డీఐఆర్ అని పూర్తిగా కొట్టాలి. తప్పు కొడితే "#" నొక్కాలి. కాగితం మీద పడ్డ అక్షరం చెరగదు కదా, అందుకని ఆ గుర్తు పడితే ముందు అక్షరం లెక్కలో లేదని అర్థం. అయినా పైపులున్నాయి, చైల్డ్ ప్రాసెస్‌లున్నాయి, సీ కంపైలర్ ఉంది. ఈ రోజు మన సర్వర్లలో వాడుతున్న పద్ధతి సగానికి సగం అక్కడే సిద్ధంగా ఉంది.

తర్వాత కెర్నల్‌ను అక్కడికక్కడే కంపైల్ చేశారు. ఏయే పరికరాలున్నాయో ఎంకేకాన్ఫ్‌కు చెప్పి, 11/40కి సంబంధించిన ఎం40 ఫైలును అసెంబుల్ చేసి, అన్నీ కలిపి లింక్ చేశారు. కెర్నల్ మొత్తం తొమ్మిది వేల వరసలకు అటూ ఇటూ. సోర్సు టేపులోనే ఉంది. 1956 నాటి కోర్టు ఒప్పందం వల్ల ఏటీ అండ్ టీ అప్పట్లో టెలిఫోన్ల వ్యాపారం దాటి బయటికి రావడానికి వీలుండేది కాదు. అందుకే విశ్వవిద్యాలయాలకు యూనిక్స్‌ను సోర్సుతో సహా కొద్ది ధరకే ఇచ్చింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ ఈ ఆరో ఎడిషన్‌ను వరసవరసకూ వివరిస్తూ పిల్లలకు పాఠం చెప్పారు. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ లైసెన్సు అలాంటి పాఠాలను ఆపేసింది. ఆయన వ్యాఖ్యానం జిరాక్సు కాపీల్లో చేతులు మారి, 1996లో గానీ బహిరంగంగా అచ్చుకాలేదు.

"ఆఫీసులో కంటెయినర్ క్షణంలో లేస్తుంది. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. ఇక్కడ తెలియనిదంటూ ఏదీ లేదు" అంది ఆ అమ్మాయి. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటి స్విచ్ నుంచి "#" దాకా ప్రతి అడుగుకూ కారణం ఉంది, ఆ కారణాన్ని మామూలు ఇంజినీరు పట్టుకోగలడు. ఇంత పెద్ద రంగానికి పునాది ఒక మనిషి బుర్రలో మొత్తంగా పట్టేంత చిన్నదని చూస్తే భయం పోతుంది, ధైర్యం వస్తుంది.

మన రెండు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్ సబ్జెక్టును ఇంకా నిర్వచనాలు బట్టీపట్టించి దాటించేస్తున్న చోట్లు ఎన్నో ఉన్నాయి. యంత్రం కొనక్కర్లేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్‌లోనే పనిచేసిన బాబ్ సుప్నిక్ రాసిన సిమ్‌హెచ్ ఎమ్యులేటర్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా పీడీపీ-11ను నడుపుతుంది. 2002లో కాల్డెరా సంస్థ తొలి యూనిక్స్‌ల సోర్సును స్వేచ్ఛగా వాడుకోనిచ్చింది. ఒక సెమిస్టర్‌లో విద్యార్థుల చేత ఈ ఆరు సంఖ్యలు వేయించి, కెర్నల్ కంపైల్ చేయించి, ఆ తొమ్మిది వేల వరసల్లో కొన్ని వందలైనా చదివించవచ్చు. అలా చదివిన పిల్లవాడు రేపు ఏ సర్వర్ ముందు కూర్చున్నా, లోపల ఏం జరుగుతోందో వెతికి తెలుసుకునేదాకా ఊరుకోడు.