నీలం కిరసనాయిలు, కాలువ రేవు

రేషన్ కిరసనాయిలు నీలంగా ఉండేది. డిపో సరుకు నల్లబజారుకి తరలిపోతే ఇట్టే పట్టుబడాలని ప్రభుత్వం కలిపించిన రంగు అది. కార్డు మీద నెలకోసారి వచ్చే ఆ నూనెలో మొదటి వాటా వత్తుల స్టవ్వుది, రెండోది లాంతరుది. ఆ రెండూ తాగగా డబ్బా అడుగున మిగిలిన గ్లాసుడు నూనె మోటారుసైకిలు జిడ్డు వదిలించడానికి దక్కేది. రేషన్ కిరసనాయిలు వంటకూ దీపానికీ తప్ప వాడకూడదని 1993లో కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఆదివారం పొద్దున్నే ఆ ఉత్తర్వును మీరని మోటారుసైకిలు గోదావరి జిల్లాల్లో ఎంత వెతికినా దొరికేది కాదు.

మా డెల్టా బళ్ళకు పట్టినంత మురికి వేరే ఊళ్ళ బళ్ళకు పట్టేది కాదేమో. ఊళ్ళోకి వెళ్ళాలంటే కాలువ గట్టే రోడ్డు. ఊడ్పుల రోజుల్లో ట్రాక్టరు చక్రాలు చేలోంచి మోసుకొచ్చిన ఒండ్రు గట్టు పొడవునా పరుచుకునేది. అది మడ్గార్డులో కూరుకుని ఆరిందంటే గునపం తేవలసిందే. కోతలయ్యాక రోడ్డంతా ధాన్యం ఆరబోతలు. ఎండుగడ్డి పోచలు వెనక చక్రం ఇరుసుకి చుట్టుకునేవి, ఊక దుమ్ము చైను జిడ్డులో అతుక్కునేది. కోటిపల్లి రేవులోనో నరసాపురం రేవులోనో పంటు ఎక్కించి దాటిస్తే గోదారి గాలి, దరినున్న ఇసుక ఆ జిడ్డు మీద ఇంకో పొర వేసేవి. ఇసుకా ఊకా కలిసిన గ్రీజు ఇక గ్రీజు పని చెయ్యదు. చైనునీ పళ్ళచక్రాన్నీ ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకే జిడ్డు వదిలించడం సోకు కోసం చేసే పని కాదు, బండి ఆయుష్షు కోసం చేసే పని.

అంతకు ముందు తరానికి ఈ జిడ్డు ఎడ్లబండితో పరిచయం. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి చేసిన కందెనను వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. ఆ కందెన పంచెకి అంటితే చాకలి చౌడుకి కూడా లొంగేది కాదు. ముందు కాస్త కొబ్బరినూనెతో మెత్తబరచి, తరవాత కుంకుడు రసంతో ఉతికేవారు. నూనె మరకను నూనెతోనే కదిలించాలి, ఆపైన నురగతో కడగాలి. ఈ సూత్రం తెలిసినవాళ్ళకు మోటారుసైకిలు వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేకపోయింది.

వచ్చిన బళ్ళేమో రాజ్‌దూత్, జావా, బుల్లెట్. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావాలు చేసింది, 1973 నుంచి వాటికే యెజ్డీ అని పేరు పెట్టింది, 1996లో మూతపడింది. ఎరువుల కొట్టు యజమానికి రాజ్‌దూత్, రొయ్యల చెరువులవారికి యెజ్డీ, మునసబు గారింట్లో మద్రాసు నుంచి వచ్చిన బుల్లెట్. యెజ్డీ చైను నాలుగు వైపులా మూసిన రేకు పెట్టెలో ఉండేది కాబట్టి దానికి బురద భయం తక్కువ. దాని జిడ్డంతా వెనకాల ఉండేది. బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిలు కలిపించుకునే బళ్ళవి. కాలీ కాలని ఆ నూనె సైలెన్సరు మూతి నుంచి నల్లటి చుక్కలుగా కారి, చక్రం కమ్ముల మీద ఎండి, తారులా గట్టిపడేది.

ఆ రోజుల్లో మెకానిక్ షెడ్డులో తప్పనిసరిగా ఉండే పాత్ర సగానికి అడ్డంగా కోసిన నూనె డబ్బా. అందులో రెండు వేళ్ళ లోతు కిరసనాయిలు, విడదీసిన చైను, అరిగిన రంగుల కుంచె, పక్కన కాటన్ వేస్టు ఉండేవి. చైనును రాత్రంతా నానేసి పొద్దున కుంచెతో రుద్దితే లింకు లింకుకీ మడ్డి ఊడొచ్చేది. వాడిన కిరసనాయిలును మేస్త్రి పారబోసేవాడు కాదు. సీసాలో పోసి కదపకుండా వారం ఉంచేవాడు. మడ్డి అడుగుకు దిగాక పైన తేరుకున్న నూనెను ఇంకో సీసాలోకి వంచుకుని మళ్ళీ వాడేవాడు. డిపో నూనె విలువ తెలిసిన చెయ్యి అది.

“పెట్రోలుతో అయితే గంటలో అయిపోద్ది కదా మేస్త్రీ?” అని తొందరపడేవాళ్ళూ ఉండేవారు.

“వద్దండీ బాబూ. దానికి మంట అక్కర్లేదండి, మంట ఊసు చాలు. పైగా చేతులు చూడండి, చర్మం లేచిపోద్దండి, ఆయ్.”

ఆయన మాటలో శాస్త్రం ఉంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు నుంచి అంటుకునే ఆవిరి లేస్తుంది. కిరసనాయిలు అలా అంటుకోవాలంటే కనీసం 35 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలులో ఉండే బెంజీన్ కాన్సరు కారకం కూడా. అయితే రాజమండ్రి ఎండ 45 దాటే మే నెలలో కిరసనాయిలునూ అమాయకంగా చూడకూడదు. అందుకే షెడ్డులో చైను కడిగేటప్పుడు బీడీ వెలిగించినవాణ్ణి వీధిలోకి పంపేసేవారు.

కిరసనాయిలు చైనుకే. ట్యాంకుకీ రిమ్ములకీ వేరే సరంజామా ఉండేది. అంబాజీపేట కొబ్బరి సంతకు దగ్గరివాళ్ళం కాబట్టి పీచుకు కొదవ లేదు. కుంకుళ్ళు కొట్టి వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ రసంలో పీచు ముంచి తోమితే కమ్ముల మీది నూనె చుక్కలు కరిగేవి. కుంకుడులోని సపోనిన్లు నూనెను సన్నటి బిందువులుగా విడగొట్టి నీటితో పాటు పంపేస్తాయి. రంగు చెడదు, రబ్బరు చెడదు, చేతులు మండవు. 1959లో సర్ఫ్ వచ్చి, ఆ తరవాత నిర్మా ఇల్లిల్లూ చేరాక కుంకుళ్ళు తలంటికే పరిమితమయ్యాయి. గిన్నెలు తోమే ఊక బూడిదతో రిమ్ములు తోమినవాళ్ళూ ఉన్నారు. ఊక బూడిదలో నూటికి ఎనభై అయిదు వంతుల పైనే సిలికా. ఇత్తడి బిందెకు అది మెరుపు, క్రోమ్ పూతకు గీతలు. ఏడాది తిరిగేసరికి ఆ గీతల్లోంచే తుప్పు మొదలయ్యేది.

అన్నిటికంటే ఘాటైనది కాస్టిక్ సోడా. తణుకు ఆంధ్రా షుగర్స్ వారి కొవ్వూరు ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ సరుకు మాకు పరాయిది కాదు. టూ స్ట్రోక్ బళ్ళ సైలెన్సర్లు కార్బన్‌తో పూడిపోయి బండి లాగనప్పుడు లోపలి గొట్టాన్ని పీకి ఊక మంటలో కాల్చేవారు, లేదా కాస్టిక్ నీళ్ళలో నానేసేవారు. అది ఇనుముకు సరిపోయింది. ఇంజను పైనున్న అల్యూమినియం మీద అదే నీళ్ళు పడితే బుసబుసమని నురగ లేచి హైడ్రోజన్ వచ్చేది, లోహం నల్లబడి గరుకు తేలేది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాక అల్యూమినియం భాగాలు పెరిగాయి. పాత మేస్త్రీల చేతి అలవాటుకి కొత్త జాగ్రత్త అవసరమైంది.

ఇంత రుద్దాక బండిని కాలువ రేవుకి దింపేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర కాలువలు మాకు పంటతో పాటు స్నానాల రేవునీ, గేదెల రేవునీ ఇచ్చాయి. బళ్ళ రేవును మేం చేర్చుకున్నాం. దసరాకి ముందు రోజు, సంక్రాంతికి అల్లుళ్ళు దిగే ముందు, రేవు మెట్ల పక్కన పది బళ్ళు నిలబడేవి. ముందు చక్రం నీళ్ళలో ముంచి, సత్తు చెంబుతో నీళ్ళు చల్లి, కడిగిన బండిని గట్టు మీద ఎండబెట్టి, ట్యాంకు మీద కొబ్బరినూనె గుడ్డ తిప్పేవారు. ఇంద్రధనుస్సు రంగుల పొర ఒకటి నీటి మీద మెల్లగా దిగువకు సాగిపోయేది. పిల్లలకు అది చూడముచ్చటగా ఉండేది.

ఈ జ్ఞాపకంలో తీపితో పాటు లెక్క కూడా ఉంది. ఇంగ్లండులో క్లాఫమ్ చెరువు మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక చెంచాడు నూనె పోస్తే అది అరెకరం మేర పరుచుకుందని 1774లో అచ్చయిన ఆయన వ్యాసం చెబుతుంది. అరెకరం అంటే మా వైపు ఒక చిన్న చేను. మా రేవులో ఒక్కో బండి నుంచి దిగింది చెంచాడు కాదు. వేసవికి కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేది ఆ కాలువ నీళ్ళతోనే. ఎగువ ఊరి బండి జిడ్డు దిగువ ఊరి కడవలోకి చేరేది. ఆనాటి రేవు సందడి పోయిందే అని బాధపడేవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ రేవు మీద బళ్ళు కడగడం ఆగిపోవడం నష్టం కాదు.

నష్టమైనవి వేరే ఉన్నాయి. 1999లో దీపం పథకంతో గ్యాసు బండలు ఊరూరా చేరాయి, స్టవ్వు వత్తులు అమ్మే కొట్లు మూతపడ్డాయి, ఆ తరవాత డిపోలో నీలం నూనే ఆగిపోయింది. టూ స్ట్రోక్ బళ్ళు పొగ నిబంధనలకు తట్టుకోలేకపోయాయి. సగం కోసిన డబ్బా, తేర్చిన సీసా, కుంకుళ్ళు నానేసిన ముంత కనుమరుగయ్యాయి. వాటితో పాటు ఏ భాగానికి ఏది వాడాలో చెప్పే చేతి జ్ఞానం కూడా పోయింది. ఇప్పుడు వాటర్ సర్వీసింగుకి బండి ఇస్తే చాలాచోట్ల ఇంజను మీద డీజిలు కొట్టి, షాంపూ పోసి, పంపు జోరుతో కడిగేస్తున్నారు. డీజిలు పూట మెరుపు ఇస్తుంది. మిగిలిన పొర మీద మర్నాటికే దుమ్ము పేరుకుంటుంది, రబ్బరు బుష్షులు ఉబ్బుతాయి. పంపు జోరు బేరింగుల్లోని గ్రీజును కూడా కడిగేస్తుంది.

కొట్లో ఇప్పుడు అరడజను రకాల డీగ్రీజర్లు ఉన్నాయి. వాటిలో ఎంచుకోవడానికి పాత మేస్త్రి పద్ధతే చాలు. ఇంజనుకీ చక్రాలకీ నీళ్ళలో కలిసేది, కాస్టిక్ లేనిది, మట్టిలో తొందరగా విరిగిపోయేది తీసుకోండి. అల్యూమినియానికి హాని లేదని డబ్బా మీద రాసి ఉందో లేదో చదవండి. పెద్ద బళ్ళ చైన్లలో గ్రీజును పట్టి ఉంచే రబ్బరు ఓ-రింగులుంటాయి. వాటికి ఓ-రింగులకు సరిపడే చైన్ క్లీనరు గానీ, దొరికితే కిరసనాయిలు గానీ వాడండి. పెట్రోలూ ఇనుప బ్రష్షూ దగ్గరికి రానివ్వొద్దు. ఏ మందైనా ముందు కనపడని మూల మీద కాస్త రాసి చూడండి. ఇంజను చల్లారాక, నీడలో, చేతికి తొడుగు వేసుకుని పూయండి. ఆరిపోకముందే కడిగేయండి. బ్రేకు డిస్కు మీద, ప్యాడ్ల మీద ఒక్క చుక్క పడనివ్వకండి. పడితే బండి ఆగదు. చైను ఆరాక కొత్త నూనె వెయ్యడం మరిచిపోవద్దు. అది వెయ్యకపోతే చేసిన శుభ్రమంతా తుప్పుకే.

ఇంకొక్క మాట. బండి ఎక్కడైనా కడగండి గానీ కాలువ గట్టు మీద మాత్రం కడగకండి. వాడిన నూనెను సీసాలో తేర్చుకోండి, అడుగు మడ్డిని మెకానిక్ షెడ్డులో పాత ఇంజనాయిలు పోగుచేసే డ్రమ్ములో వెయ్యండి. దిగువ ఊరు ఆ కాలువ నీళ్ళే ఇంకా తాగుతోంది.