మిగిలిన 13 లక్షలు

మాది కూర్మన్నపాలెం. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయిన కుటుంబం. తాతకి నిర్వాసితుల కార్డు ఇచ్చారు, మేం ఆర్ కార్డు అంటాం. దానిమీద ఉద్యోగం పెదనాన్నకి వచ్చింది. నాన్న కాంట్రాక్టర్ల కింద హెల్పరుగా మిగిలాడు. అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది, డ్వాక్రా సంఘంలో ఉంది. నేను గాజువాకలో బీకాం చదివి దువ్వాడ సెజ్‌లో ఒక కంపెనీ అకౌంట్స్‌లో చేరాను. ఈ వివరాలు ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత బ్యాంకుల్లో నన్ను అడిగినవన్నీ ఇవే.

అమ్మ సంఘం పుస్తకాలు ఇంటర్ నుంచీ నేనే రాసేదాన్ని. పొదుపు, అప్పు, వడ్డీ, ఎవరి వాయిదా ఎన్నాళ్లు ఆగింది, అన్నీ. ఆ పనే పెద్ద ఎత్తున నేర్చుకోవాలనుకున్నాను. ఇక్కడ లేదా చదువు అని అందరూ అడిగారు. ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏ 1957 నుంచి ఉంది, గంభీరంలో ఐఐఎం ఉంది. నేను చేయాలనుకున్నది చిన్న రుణాలు, సహకార సంస్థల నిర్వహణ మీద నడిచే ఏడాది మాస్టర్స్. అది అమెరికాలో ఒక యూనివర్సిటీలో కనిపించింది. అమెరికా అన్న మాట మీద మోజు కూడా ఉంది, దాచి లాభం లేదు. ఫీజు, ఇల్లు, తిండి, ఇన్సూరెన్సు కలిపి 48,000 డాలర్లు. అప్పుడు డాలరు 83 రూపాయలు. దాదాపు 40 లక్షలు.

ఆడవాళ్లకి ఆడవాళ్ల సంఘాలే ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఉంటాయని బీకాంలో మాకు కామర్స్ చెప్పిన మేడమ్ అన్నారు. మొదట జోంటా ఇంటర్నేషనల్ చూశాను. 1919లో బఫెలో నగరంలో ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో ఉన్న ఆడవాళ్లు పెట్టుకున్న సంస్థ. జేన్ క్లాస్‌మన్ అనే సభ్యురాలు వీలునామాలో రాసిచ్చిన డబ్బుతో 1998లో బిజినెస్ చదివే స్త్రీలకి స్కాలర్‌షిప్ మొదలుపెట్టారు. నేను చూసినప్పుడు దరఖాస్తు స్థానిక క్లబ్బు ద్వారా వెళ్లాల్సి ఉండేది, అక్కడ నెగ్గితే పై స్థాయికి. పైగా అప్పటికే కోర్సులో చేరి ఉండాలి. నాకు చేరడానికే డబ్బు లేదు.

రెండోది అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్. 1881 నాటిది. 1917లో వేరే దేశాల ఆడవాళ్లకి పీజీ, ఆపై చదువులకి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. నేను దరఖాస్తు పెట్టిన ఏడాది మాస్టర్స్‌కి 20,000 డాలర్లు. చదువయ్యాక సొంత దేశానికి తిరిగొచ్చి పనిచేసే ఉద్దేశం ఉండాలి. ఆఖరి తేదీ నవంబరు 15, ఫలితం ఏప్రిల్ 15.

2023 నవంబరు. కూర్మన్నపాలెం కూడలిలో ఉక్కు ప్రైవేటీకరణకి వ్యతిరేకంగా పెట్టిన దీక్షా శిబిరం అప్పటికి వెయ్యి రోజులకి చేరింది. రోజూ ఆఫీసు నుంచి దాని ముందు నుంచే ఇంటికి వచ్చేదాన్ని. రాత్రిళ్లు దరఖాస్తు రాసేదాన్ని. తోటి ఆడవాళ్ల కోసం ఏం చేశావన్న ప్రశ్న ఉంది. సంఘం లెక్కల గురించి రాశాను. అది తెలుగులో చదివి వినిపించమంది మా సంఘం లీడరు పిన్ని. అంతా విని, "బాగుంది గానమ్మా, ఆ వాయిదా ఎగ్గొట్టిన సంగతి రాయకు" అంది. రాయలేదు. మేడమ్ సిఫార్సు ఉత్తరం రాసిచ్చారు, నా ఇంగ్లీషు కూర్చుని దిద్దారు. ఆవిడ లేకపోతే అది పంపే ధైర్యం నాకు లేదు.

ఫిబ్రవరిలో యూనివర్సిటీ సీటు ఇచ్చింది, ఫీజులో 12,000 డాలర్లు తగ్గించింది. మార్చిలో నాన్న పని పోయింది. కాంట్రాక్టు చేతులు మారింది, కొత్త జాబితాలో ఆయన పేరు లేదు. ఇంట్లో చెప్పలేదు. రోజూ అమ్మ చేత క్యారేజీ కట్టించుకుని వెళ్లి, శిబిరం దగ్గర కూర్చుని, సాయంత్రం వచ్చేవాడు. నేనే ఒకరోజు బస్సులోంచి చూశాను. ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. నా చదువు మాట ఎత్తితే ఆయన ఇంకా కుంగిపోతాడని భయం. స్కాలర్‌షిప్ ఉత్తరం రాకపోతే బాగుండునని అప్పుడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఏప్రిల్ 15 అర్ధరాత్రి దాటాక మెయిల్ వచ్చింది. ఎంపికయ్యాను. అమ్మని లేపాను. ఇద్దరం వంటగదిలో దీపం వేసుకుని కూర్చున్నాం. అమ్మ అడిగిన మొదటి మాట, "మిగతాది ఎంత?"

16,000 డాలర్లు. 13 లక్షల పైచిలుకు. వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కావాలి. ఐ-20 రావాలంటే ఏడాది ఖర్చు మొత్తానికీ రుజువు చూపాలి. మే నెలాఖరు గడువు. అంతకుముందు ఎవరైనా నాకు ఇది సరిగ్గా చెప్పి ఉంటే బాగుండేది. పాతిక శాతమో సగమో ఇచ్చే స్కాలర్‌షిప్ వస్తే, మిగతాదానికి పూచీ మనమే చూపాలి. చూపలేకపోతే వచ్చిందీ పోతుంది.

బ్యాంకుకి వెళ్లాం. పేరు చెప్పను. విద్యారుణం 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తామన్నారు, ఆపైన ఆస్తి చూపాలన్నారు. తాకట్టు లేకపోయినా తల్లిదండ్రులు ఉమ్మడిగా సంతకం చేయాలి, వాళ్ల ఆదాయం చూస్తారు. నాన్న జీతం స్లిప్పు అడిగారు. నాన్న నావైపు చూశాడు. అక్కడే, ఆ కౌంటరు ముందే, పని పోయిన సంగతి మొదటిసారి నోటితో చెప్పాడు. ఇంటి కాగితాలు తీశాం. అది నిర్వాసితులకి ఇచ్చిన స్థలం. ఈ కాగితాల మీద తనఖా కుదరదన్నారు. ఇంకో బ్యాంకులో ఎన్నికలయ్యాక రమ్మన్నారు. మే 13న పోలింగు. సిబ్బంది సగం మంది ఎన్నికల డ్యూటీలో ఉన్నారు.

బంధువులని అడగడం మొదలుపెట్టాం. సిగ్గు ఎక్కడ మొదలవుతుందో నాకు ఆ వారాల్లో తెలిసింది. ఫోను చేస్తే ముందు ఆరోగ్యం అడగాలి, పిల్లల చదువులు అడగాలి, తర్వాత డబ్బు. రెండో నిమిషానికే అవతలివాళ్లకి అర్థమైపోతుంది. "ఆ డబ్బుతో పెళ్లి అయిపోతాది కదమ్మా" అన్నారు ఒకరు. అది తిట్టు కాదు. లెక్క చెప్పారు, అంతే.

పోలింగు అయిన వారంలో, కూడలిలో బస్సు దిగగానే నాకు ఊపిరి అందలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. గుండెపోటు అనుకున్నాను. కొబ్బరి బొండాల బండి ఆవిడ నన్ను నేలమీద కూర్చోబెట్టి, నాన్నకి ఫోను చేసి, ఆయన వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. బాగానే ఉంది. భయం వల్ల ఇలా వస్తుంది, మళ్లీ రావచ్చు, వచ్చినా ప్రాణం పోదు అన్నారు డాక్టరు. ఆ మాట నాకు చాలా పనికొచ్చింది. మళ్లీ వచ్చింది కూడా. బిల్లు నాన్న కట్టాడు. జేబులోంచి తీసిన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. అది చూశాక సీటు వదులుకుంటానని ఆ రాత్రే చెప్పేశాను. అమ్మ మాట్లాడలేదు. తెల్లారి లేచి అనకాపల్లి వెళ్లింది.

అనకాపల్లిలో మావయ్య ఉన్నాడు, అమ్మ తమ్ముడు. బెల్లం మార్కెట్లో పని. సొంత ఇల్లు, రిజిస్టర్డు కాగితాలు. ఆయనకి ఇద్దరు కూతుళ్లు. అమ్మ ఏం మాట్లాడిందో నాకు ఇప్పటికీ తెలీదు. మర్నాడు ఆయన దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాడు. "ఏటే, చదువు మానేస్తానన్నావంట" అన్నాడు. బ్యాంకులో సంతకం చేసేటప్పుడు అత్త పక్కనే ఉంది. తల ఎత్తలేదు. నేనూ ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను. మే నెల ఆఖరి వారంలో రుణం మంజూరు ఉత్తరం వచ్చింది. ఐ-20 వచ్చింది.

ఇంకా పై ఖర్చులున్నాయి. విద్యార్థుల నమోదుకి కట్టే సెవిస్ రుసుము అప్పట్లో 350 డాలర్లు, వీసా 185, విమానం టిక్కెట్టు. అమ్మ గాజులు కుదువ పెట్టింది. సంఘంలో ఇద్దరు తమ వాటా రుణం తీసుకుని అమ్మ చేతిలో పెట్టారు. ఒకామె ఇళ్లలో పనిచేస్తుంది, ఇంకొకామెది టిఫిన్ బండి. వాయిదాలు వాళ్ల పేరున పడతాయి, కట్టేది మేము. ఒక్క నెల తప్పినా వాళ్ల పేరు పోతుంది. అమ్మ తప్పనివ్వలేదు.

జూలైలో వీసా. దువ్వాడలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాన్నా నేనూ హైదరాబాదు వెళ్లాం. నానక్‌రామ్‌గూడ కాన్సులేటు బయట ఆయన ఎండలో నిలబడ్డాడు. లోపల నా ముందున్న అబ్బాయికి ఇవ్వలేదు. నా గొంతు పోయింది. డబ్బు ఎవరిస్తున్నారని అడిగారు, అసోసియేషన్ పేరు చెప్పాను. తర్వాత ఏం చేస్తావన్నారు. తిరిగొస్తానని వాళ్లకి రాసిచ్చాను అన్నాను. ఫైలు తెరవనే లేదు. వీసా ఇచ్చారు. బయటికొచ్చి నాన్నకి చెబితే, "అయితే అప్పు ఖాయమైపోయింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అక్కడి ఏడాది గురించి పెద్దగా చెప్పను. చదువు కష్టమే, కానీ అది నాకు తెలిసిన రకం కష్టం. స్కాలర్‌షిప్‌లో ఫీజుకి పోగా మిగిలిన డబ్బు మీద పన్ను పడుతుందని అక్కడికెళ్లాక తెలిసింది. ఆ నెల బియ్యం, పప్పు తప్ప ఏమీ కొనలేదు. ఇంటి నుంచి వేళగాని వేళ ఫోను వస్తే కాళ్లు వణికేవి. ఇప్పటికీ వణుకుతాయి.

2025 వేసవిలో తిరిగొచ్చాను. విశాఖలో మహిళా సంఘాల లెక్కలు, రుణాలు చూసే సంస్థలో పనిచేస్తున్నాను. విద్యారుణంలో అసలు భాగం కోర్సు అయిన ఏడాది దాకా కట్టక్కర్లేదు, కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అందుకని మొదటి జీతం నుంచే వడ్డీ కడుతున్నాను. సంఘం ఇద్దరి అప్పూ తీరింది. గాజులు వచ్చాయి. నాన్నకి ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని దొరికింది.

ఇప్పుడు మా వైపు అమ్మాయిలు వచ్చి వ్యాసం ఎలా రాయాలని అడుగుతారు. వ్యాసం తర్వాత చూద్దాం, ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి, రిజిస్టరు అయ్యాయా, సంతకం చేసేవాళ్లకి ఆదాయం రుజువుందా అని అడుగుతున్నాను. ఇద్దరు ముగ్గురు చిన్నబుచ్చుకున్నారు. అయినా అడుగుతున్నాను. నవంబరులో అడగాల్సినవి నేను మేలో విన్నాను.

మావయ్య దస్తావేజులు బ్యాంకులోనే ఉన్నాయి. అప్పు తీరేదాకా అక్కడే. ఆయన పెద్దకూతురికి సంబంధాలు చూస్తున్నారు. పెళ్లి కుదిరితే ఆ కాగితాల అవసరం పడుతుంది. ఆ మాట అత్త నాతో అనలేదు, అమ్మతో అంది.