ముందు కాటా.. ఆ తర్వాతే స్ప్రింగ్!

సౌత్ ఆస్ట్రేలియాలో మర్రీ అనే చిన్న ఊరి నుంచి మార్లా దాకా దాదాపు 620 కిలోమీటర్ల మట్టి రోడ్డు ఉంది. పేరు ఊడ్నాడాటా ట్రాక్. ఒకప్పటి ‘ఘాన్’ రైలు నడిచిన దారి వెంటే సాగుతుంది. పాడుబడ్డ స్టేషన్లు, తెల్లగా మెరిసే లేక్ అయిర్ ఉప్పు సరస్సు, ఎర్రమట్టి మైదానాలు.. ఫొటోలకి కొదవే లేదు. కానీ మర్రీ దాటితే విలియం క్రీక్‌కి సుమారు 200 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఊడ్నాడాటాకి మరో 200. మధ్యలో చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. ఇక మెకానిక్ మాట సరేసరి.

ఆ దారిలో అమ్మానాన్నల్ని తిప్పాలనుకున్నా. నా ఉద్యోగం అడిలైడ్‌లో. వాళ్లు విజయవాడ నుంచి జులైలో వస్తున్నారు. అప్పుడిక్కడ చలికాలం, ఈ రోడ్డుకి మంచి సీజన్. భయమల్లా నాన్న నడుము గురించే. ముప్పయ్యేళ్లు లారీ నడిపిన నడుము అది!

‘‘బండికి కొత్త స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు వేయిస్తున్నా నాన్నా’’ అని వీడియో కాల్‌లో చెబితే, ఆయన కంపెనీ పేరు అడగలేదు.

‘‘లోడ్ ఎంతరా? ముందు కాటా వేయించు. ఆటోనగర్‌లో కమాన్ కట్ట కట్టేవాడు మొదట ఏమడుగుతాడు? ఇసుక తోలతావా, పత్తి తోలతావా అని!’’ అన్నారు.

మొత్తం విషయం అందులోనే ఉంది. స్ప్రింగ్ పని బరువు మోయడం. షాక్ అబ్జార్బర్ పని ఆ స్ప్రింగ్ అదే పనిగా ఊగకుండా పట్టుకోవడం. అంటే స్ప్రింగ్‌ని లోడ్ చూసి ఎంచుకోవాలి, షాక్‌ని రోడ్డు చూసి ఎంచుకోవాలి. బండి ఎత్తుగా, స్టైల్‌గా కనిపించాలని ఎంచుకుంటే రెండూ తప్పుతాయి.

సామాన్లన్నీ సర్ది, ఫుల్ ట్యాంక్ కొట్టించి, అమ్మానాన్నలు దిగిన వారానికే నలుగురం ఎక్కి కాటాకి వెళ్లాం. 3,060 కిలోలు! నా బండికి చట్టం ఒప్పుకునే మొత్తం బరువు, అంటే జీవీఎం, 2,990. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన ఈ అంకె పెరగదు. దానికి వేరే సర్టిఫికెట్ కావాలి. దారిలో రూములు దొరుకుతాయి కాబట్టి పైన బిగించిన టెంటు, పందిరి, బల్లలు, కుర్చీలు దించేశాం. అమ్మ ఇనప పెనం కూడా దిగింది, కాస్త గొడవయ్యాక. 60 లీటర్ల నీళ్లు మాత్రం కదపలేదు. మళ్లీ తూకం వేస్తే 2,920.

ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా కూడా చూడాలి. ఎందుకంటే బుల్ బార్ బరువు ముందు పడుతుంది, సామాను బరువు వెనక పడుతుంది. వెనక కుంగితే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లల్లోకి కొడతాయి. అలాగని అన్నిటికంటే గట్టివి వేస్తే, సోమవారం ఖాళీ బండిలో ఆఫీసుకెళ్లేటప్పుడు ప్రతి గతుకూ వెన్నులో తెలుస్తుంది. బండికి ఎప్పుడూ ఉండే అదనపు బరువు చూసుకుని మధ్యరకం తీసుకున్నా.

ఇక షాక్‌లు. ఈ రోడ్డు సిమెంటు రేకు మీద బండి నడిపినట్టుంటుంది. గీతలు గీతలుగా, కిలోమీటర్ల కొద్దీ. లోపలి పిస్టన్ సెకనుకి ఎన్నోసార్లు కదులుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి ఆయిల్‌లోకి చేరుతుంది. ఆయిల్ నురగ కడితే షాక్ పట్టు వదిలేస్తుంది, బండి పక్కకి జారడం మొదలెడుతుంది. అందుకే ఎక్కువ ఆయిల్ పట్టే, నురగ రాకుండా లోపల నైట్రోజన్ గ్యాస్ నింపిన రకం ఎంచుకున్నా. స్ప్రింగ్ గట్టిదైతే దానికి తగ్గ షాకే వేయాలి. ఒకటి మార్చి రెండోది పాతదే ఉంచితే డబ్బు దండగ.

మిగతా సగం పని డ్రైవర్‌ది. టైర్లలో గాలి 38 నుంచి 28 పీఎస్‌ఐకి తగ్గించా, వేగం 70 దాటనివ్వలేదు. గంటకోసారి ఆగాం. ఆగిన ప్రతిసారీ నాన్న షాక్‌లకి తగలకుండా చేతివెనక భాగం దగ్గరగా పెట్టి చూసేవారు. ముట్టుకుంటే కాలుతుంది మరి! ఎడమదీ కుడిదీ ఒకేలా వేడెక్కాలి. ఒకటి వేడిగా, జతది చల్లగా ఉంటే ఆ చల్లనిది పని మానేసిందన్నమాట.

మూడో రోజు సాయంత్రం మార్లా దగ్గర తారు రోడ్డెక్కాం. నాన్న దిగి, వంగి, నాలుగూ చూశారు. తర్వాత నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడి, ‘‘రేపు కొంచెంసేపు నాకివ్వరా స్టీరింగ్’’ అన్నారు.

లైసెన్సు ఇంట్లో ఉండిపోయిందని అమ్మ గుర్తుచేసింది.